పత్తి సంకరణంలో మెండెల్ సూత్రాలు

రెండు పత్తి రకాలను కలిపితే పుట్టే మొక్కల్లో పువ్వు రంగు, ఆకు ఆకారం, పింజ పొడవు ఎలా ఉంటాయో ముందుగా లెక్కగట్టే పద్ధతి ఇది. ఠాణే జిల్లా భివండిలో, తెలంగాణ నుంచి వలసవెళ్లిన పద్మశాలీ నేతగాళ్లు నడిపే సాంచాలకూ (మరమగ్గాలకూ) దీనితో సంబంధముంది. పొట్టి పింజతో సన్నని నూలు వడకలేరు. బలం లేని పోగు పదేపదే తెగుతుంది. తెగినప్పుడల్లా సాంచా ఆపి ముడి వేయాలి. నేసిన గుడ్డను బట్టి కూలి అందుకునే కార్మికుడికి ఆ సేపంతా నష్టమే.

గ్రెగర్ మెండెల్ బఠానీ ప్రయోగాలు 1866లో అచ్చయ్యాయి, 1900లో గాని లోకం వాటిని గుర్తించలేదు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పి.ఎఫ్. ఫైసన్, కాన్పూరులో హెచ్. మార్టిన్ లీక్ దేశవాళీ పత్తుల మీద ఆ సూత్రాలను పరీక్షించారు. పసుపు పువ్వు రకాన్ని తెల్ల పువ్వు రకంతో కలిపితే మొదటి తరమంతా పసుపే పూస్తుంది. ఆ మొక్కల గింజలే మళ్లీ వేస్తే మూడు పసుపు మొక్కలకు ఒక తెలుపు మొక్క చొప్పున వస్తుంది. ఆకు సంగతి వేరు. అమెరికన్ పత్తిలో బెండాకులా చీలిన ఆకున్న మొక్కను వెడల్పాకు మొక్కతో కలిపితే మొదటి తరానికి మధ్యరకం ఆకులొస్తాయి. రెండో తరంలో 400 మొక్కలుంటే సుమారు 100 బెండాకువి, 200 మధ్యరకం, 100 వెడల్పాకువి.

నేతగాడికి కావలసిన పింజ పొడవు మాత్రం ఇంత తేలిగ్గా లెక్కకు లొంగదు. ఎన్నో జన్యువులు కలిసి దాన్ని నిర్ణయిస్తాయి, నేల, నీరు కూడా దాన్ని మారుస్తాయి. పైగా 26 క్రోమోజోముల దేశవాళీ పత్తిని 52 క్రోమోజోముల అమెరికన్ పత్తితో కలిపితే పుట్టే మొక్కకు 39 ఉంటాయి, అది గొడ్డుపోతుంది. అందుకే ప్రజననకారులు క్రోమోజోముల సంఖ్య సరిపోయే రకాలనే జతకట్టారు. సూరత్‌లో సి.టి. పటేల్ 1970లో హైబ్రిడ్-4ను, ధార్వాడలో బి.హెచ్. కాతర్కి 1972లో వరలక్ష్మిని విడుదల చేశారు. వరలక్ష్మి అమెరికన్, ఈజిప్టు జాతుల పత్తుల సంకరం. భారత పత్తి చరిత్రలో ఈ రెండింటినీ మించిన మలుపులు తక్కువ.

హైబ్రిడ్ గింజను దాచుకుని మరుసటేడు వేస్తే రెండో తరంలో గుణాలు విడిపోయి చేను ఎగుడుదిగుడవుతుంది. కాబట్టి ఏటా కొత్త విత్తనం కొనాల్సిందే. గద్వాల ప్రాంతపు సీడు పత్తి చేలల్లో ఆ విత్తనం చేతుల మీదుగానే తయారవుతుంది. సాయంత్రం ఆడ మొక్క మొగ్గలోని కేసరాలను గోటితో ఒలిచేస్తారు, మర్నాడు ఉదయం మగ పువ్వు పుప్పొడిని కీలాగ్రానికి రాస్తారు. ఎండలో వంగి, పువ్వు పువ్వుకూ చేసే ఈ పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే.

ఒలిచే శ్రమను తప్పించడానికి పుప్పొడి పుట్టని మొక్కలనూ వాడతారు. ఆ గుణం అంతర్గత (జతలో రెండూ ఒకటైతేనే పైకి కనిపించే) జన్యువుల రెండు జతలది. దాన్ని నిలబెట్టే సంకరణంలో మొక్కలు సగం పుప్పొడి లేనివి, సగం పుప్పొడి ఉన్నవి వస్తాయి. తొలి పూత విచ్చగానే ఒక్కో మొక్కనూ చూసి, పుప్పొడి ఉన్నవాటిని ఆడ వరసల్లోంచి పీకేస్తారు.