గైజిన్: కోఠి నుంచి చూసిన యొకొహామా

గైజిన్ 1993లో వెలువడిన ఇంగ్లీషు చారిత్రక నవల. రాసినవాడు జేమ్స్ క్లావెల్. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైనికుడిగా జావాలో జపాన్ సేనలకు పట్టుబడి, సింగపూర్‌లోని చాంగీ శిబిరంలో బందీగా ఉన్న మనిషి. తనను చెరపట్టిన దేశాన్ని ద్వేషించకుండా దాని చరిత్ర మీదే లావుపాటి నవలలు రాశాడు. షోగన్ (1975) ఆయనకు పెద్ద పేరు తెచ్చింది. వెయ్యి పేజీలు దాటిన గైజిన్ ఆయన చివరి పెద్ద నవల. ఇది వచ్చిన మరుసటి ఏడే ఆయన కన్నుమూశాడు.

కథ 1862లో, యొకొహామాలో మొదలవుతుంది. జపాన్ 1858లో పాశ్చాత్య దేశాలతో ఒప్పందాలు చేసుకుంది. మరుసటి సంవత్సరం ఆ రేవు తెరుచుకుంది. అక్కడి విదేశీయులకు విడిగా పేట, విడిగా కాన్సులేట్లు. వాళ్లు నేరం చేసినా విచారణ వాళ్ల కాన్సులు దగ్గరే. జపాన్ చట్టం వాళ్లను తాకదు. ‘గైజిన్’ అంటే ఆ పేటలోని ఈ పరాయివాళ్లే.

నవల తెర ఎత్తేది నిజంగా జరిగిన ఒక హత్యతోనే. 1862 సెప్టెంబరు 14న నమముగి గ్రామం దగ్గర తొకైదో రహదారి మీద సత్సుమా ప్రభువంశీకుడు షిమజు హిసమిత్సు ఊరేగింపు వెళ్తోంది. గుర్రాల మీద ఎదురొచ్చిన నలుగురు ఆంగ్లేయులు పక్కకు తప్పుకోలేదు. సమురాయ్‌ల కత్తులకు చార్లెస్ రిచర్డ్‌సన్ అనే వర్తకుడు బలయ్యాడు. బ్రిటన్ షోగన్ ప్రభుత్వం దగ్గర లక్ష పౌండ్లు, సత్సుమా దగ్గర ఇరవై అయిదు వేల పౌండ్లు పరిహారం అడిగింది. సత్సుమా ససేమిరా అంది. 1863 ఆగస్టులో బ్రిటిష్ నౌకలు సత్సుమా ప్రభువుల పట్టణం కగొషిమా మీద గుండ్లు కురిపించి ఊళ్లో చాలా భాగాన్ని తగలబెట్టాయి.

క్లావెల్ ఈ ఘటనలను తీసుకుని పేర్లు మార్చాడు. రిచర్డ్‌సన్ కాంటర్‌బరీ అయ్యాడు, షోగన్‌ల తొకుగవ వంశం తొరనగ వంశమైంది. జార్డిన్ మాథెసన్ వర్తక సంస్థను పోలిన స్ట్రూవాన్ కంపెనీ కథకు ఇరుసు. దాని వారసుడు మాల్కమ్ ఆ దాడిలో గాయపడి మంచం పడతాడు. ఫ్రెంచి యువతి ఏంజెలీక్ మీద అతని ప్రేమ, కంపెనీ పెత్తనం, పోటీదారుల పన్నాగాలు వందల పేజీలు నడుస్తాయి. నిజం చెప్పాలంటే నడుమ కొంత సాగదీతే. నవల ప్రాణం ఇంకోచోట ఉంది. విదేశీయులను తరిమికొట్టాలని కత్తి పట్టిన యువ తిరుగుబాటుదారు హిరగ, వేరే పేరుతో పేటలోనే దాగి, దౌత్య కార్యాలయంలోని కుర్రాడు ఫిలిప్ టైరర్‌కు జపనీస్ నేర్పుతూ అతని దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంటాడు. శత్రువు ఓడలు, యంత్రాలు, పద్ధతులు తెలిసేకొద్దీ అతని కోపం తగ్గదు, దారి మాత్రం మారుతుంది. ఈ ఘట్టాల్లో క్లావెల్ చెయ్యి తిరిగిన కథకుడు.

హైదరాబాద్ పాఠకుడికి యొకొహామా లాంటి పరాయి పేట మరీ కొత్తదేం కాదు. మూసీకి ఉత్తరాన కోఠిలో బ్రిటిష్ రెసిడెన్సీ భవనం 1803లో మొదలైంది. కట్టించినవాడు నిజాం కొలువులో బ్రిటిష్ ప్రతినిధి, అంటే రెసిడెంటు, జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. గ్రీకు శైలి స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ సింహాలు, నెత్తిన ఈస్టిండియా కంపెనీ రాజచిహ్నం. కిర్క్‌పాట్రిక్ మొఘల్ దుస్తులు వేసి, ఖైరున్నీసాను ఇస్లాం పద్ధతిలో పెళ్లాడాడు. పరదా చాటున ఉండే ఆమెకు భవనం ముందుభాగం ఎలా ఉంటుందో చూపడానికి చిన్న నమూనా కట్టించాడని చెబుతారు. ఆ నమూనా ఆవరణలో ఇప్పటికీ ఉంది. విలియం డాల్రింపుల్ 2002లో వైట్ మొఘల్స్ రాసింది ఈ జంట గురించే. ఏంజెలీక్ ప్రేమకథ కంటే ఇదే గట్టి కథ, పైగా కల్పన కాదు.

కత్తుల సంగతి చూసినా పోలిక తప్పదు. నమముగి ఘటనకు అయిదేళ్ల ముందు, 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు ఇదే రెసిడెన్సీ మీద విరుచుకుపడ్డారు. తుర్రేబాజ్ ఖాన్‌ను తర్వాత చంపేశారు, మౌల్వీని అండమాన్ పంపారు.

రెసిడెన్సీ చుట్టూ పెరిగిన బజార్లలో పాలన రెసిడెంటుదే, నిజాం అధికారులది కాదు. ఆ నీడ తెలుగుకు కలిసొచ్చిందనుకోవచ్చు. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టింది ఈ రెసిడెన్సీ బజారులోనే. దాని స్థాపకుల్లో ఒకరు, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు. యొకొహామా పేటకు ప్రత్యేక న్యాయాధికారం 1899లో రద్దయింది. రెసిడెన్సీ బజార్లు నిజాం చేతికి తిరిగొచ్చింది 1933లో. తర్వాత ఆ ప్రాంతం పేరు సుల్తాన్ బజార్. పక్కనున్న అబిడ్స్‌కు పేరిచ్చింది కూడా ఒక పరదేశే: ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసి, అక్కడ దుకాణం పెట్టిన ఆల్బర్ట్ అబిడ్.

హిరగ వేసిన ప్రశ్నే, పరాయి చదువును మన భాషలోకి ఎలా తెచ్చుకోవాలన్నది, ఇక్కడివాళ్లూ వేసుకున్నారు. నిజాం రాష్ట్ర విద్యాశాఖాధిపతి సయ్యద్ రాస్ మసూద్ 1922లో జపాన్ వెళ్లి అక్కడి చదువుల తీరు పరిశీలించి పుస్తకం రాశాడు. ఉర్దూ మాధ్యమంగా 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం వెనకా ఆయన కృషి ఉంది. ఇ.ఎం. ఫార్‌స్టర్ ఎ పాసేజ్ టు ఇండియా నవలను అంకితమిచ్చింది ఆయనకే.

గైజిన్ మొదలుపెట్టాలనుకునేవారు ముందు షోగన్ చదవనక్కర్లేదు, ఇది విడిగానే అర్థమవుతుంది. అబిడ్స్‌లో ఆదివారం దుకాణాలు మూశాక పేవ్‌మెంట్ మీద పరిచే పాత పుస్తకాల్లో ఇలాంటి లావు పేపర్‌బ్యాక్‌ల కోసం వెతకవచ్చు. ప్రేమ వ్యవహారాల దగ్గర పేజీలు త్వరగా తిప్పినా పెద్దగా పోయేదేం లేదు. హిరగ, టైరర్ కలిసే చోట మాత్రం నిదానంగా చదవండి.