సంధి విడిన గ్రంథాలయం

ఢిల్లీ మునిర్కాలో లైబ్రరీకి నెల అద్దె ఉంటుంది. రామా మార్కెట్ నుంచి బుద్ధ విహార్ వైపు సందుల్లో నడుస్తుంటే తలెత్తిన చోటల్లా బోర్డులు: లైబ్రరీ, ఏసీ, వైఫై, లాకర్. మెట్లెక్కి చూస్తే చెక్కపలకలతో అరలుగా విడగొట్టిన బల్లలు. ఒక్కో అరకు ఒక లైటు, ఒక ప్లగ్గు, ఒక నంబరు. చాలావాటిలో పుస్తకాల బీరువా అనేదే కనిపించదు. పుస్తకం ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి. అద్దె కుర్చీకి, చల్లగాలికి, పక్కవాడు మాట్లాడకుండా కూర్చున్నందుకు.

సివిల్స్‌కి చదివే మన పిల్లలు కూడా దీన్ని లైబ్రరీ అనే అంటారు. ఖమ్మంలోనో కావలిలోనో ఉన్న తల్లి ఫోన్ చేసి “ఎక్కడున్నావు నాన్నా” అంటే, “లైబ్రరీలో ఉన్నానమ్మా, మళ్లీ చేస్తా” అని పెట్టేస్తాడు. ఆమె కళ్లముందు మెదిలేది వాళ్ల ఊరి శాఖా గ్రంథాలయం: పొడవాటి బల్ల మీద నాలుగు ముక్కలుగా పంచుకున్న దినపత్రిక, గాజు తలుపుల బీరువాలు, గోడకు గాంధీ. కొడుకు అబద్ధమాడలేదు. ఆమె పొరపాటుగానూ వినలేదు. మాటే రెండుగా చీలింది.

లైబ్రరీకి ఇది కొత్తేమీ కాదు. దాని మూలం లాటిన్‌లో ‘లిబెర్’. మొదట చెట్టు లోపలి బెరడు, తర్వాత ఆ బెరడు మీద రాసిన రాత, ఆ తర్వాత పుస్తకం. ఫ్రాన్స్‌లో ‘లిబ్రెరీ’ అంటే పుస్తకాల దుకాణం. మనం లైబ్రరీ అనేదాన్ని వాళ్లు ‘బిబ్లియోతెక్’ అంటారు. గ్రీకులో దానర్థం పుస్తకాల పెట్టె. బెరడు పుస్తకమైంది, పుస్తకం కొట్టయింది, కొట్టు గది అయింది. ఇప్పుడు మునిర్కాకు వచ్చేసరికి గది మిగిలి పుస్తకం జారిపోయింది. ఆ గదిలోకి పిల్లలు మోసుకెళ్లే జిరాక్సు కట్టలను ‘మెటీరియల్’ అంటారు. బేర్‌సరాయ్‌లోనైనా హైదరాబాదు అశోక్‌నగర్‌లోనైనా ఇదే మాట. “కొత్త మెటీరియల్ వచ్చిందా?” అంటే కొత్త పుస్తకం వచ్చిందా అని కాదు, ఫలానా కోచింగ్ వాళ్ల నోట్సు అమ్మకానికి వచ్చిందా అని. ఈ మాటకూ లాటిన్‌లో మొదటి అర్థం కట్టె, కలప. బెరడింట్లోకి కలప మోస్తున్నారన్నమాట.

ఇక మన మాట. గ్రంథ, ఆలయం: సవర్ణదీర్ఘసంధి, షష్ఠీ తత్పురుష. గ్రంథానికి ధాతువు ‘గ్రంథ్’, అంటే కట్టడం, ముడివేయడం, గుచ్చడం. తాటాకులకు చిల్లు పొడిచి, తాడు దూర్చి, పైనా కిందా చెక్కలు పెట్టి బిగించి కడితే గ్రంథం. ముడి విప్పితే ఆకులే మిగులుతాయి, గ్రంథం ఉండదు. ఒంట్లో ఉండే థైరాయిడ్ గ్రంథి, జంధ్యానికి వేసే బ్రహ్మగ్రంథి అన్నీ ఈ ముడి చుట్టాలే. తమిళులకు ‘నూల్’ అంటే దారమూ అదే, పుస్తకమూ అదే. లైబ్రరీని వాళ్లు నూలగం అన్నారు. మనకు నూలు మగ్గం దగ్గరే ఆగిపోయింది.

గ్రంథానికి ఇంకో అర్థం ఉంది, ఇప్పుడు ఎవరికీ పట్టనిది. ముప్పైరెండు అక్షరాలు ఒక గ్రంథం. అనుష్టుప్ శ్లోకానికి ఉండే అక్షరాలు అన్నే. పద్యమైనా వచనమైనా ఈ కొలతతోనే లెక్కగట్టేవారు. ఇన్ని వేల గ్రంథాల పుస్తకం అంటే ఇన్ని ముప్పైరెండక్షరాల పుస్తకం అని. ఈ కాలపు ‘వర్డ్ కౌంట్’కి మన పాత పేరు ఇదే. వాడుక భాష దీన్ని ఇంకెటో తీసుకెళ్లింది. “దీని వెనక చాలా గ్రంథం నడిచింది” అంటే రాతకోతలేమీ లేవు, లోపాయికారీ వ్యవహారం. “వాడు గ్రంథసాంగుడు” అంటే పండితుడని మురిసిపోకూడదు.

రెండో సగం ఆలయం. తెలుగువాడి చెవిలో ఇది గుడిగంట మోగిస్తుంది కాబట్టి, గ్రంథాలయం అంటే పుస్తకాల కోవెల అని ఉపన్యాసాల్లో తరచు వింటాం. సభకు పనికొస్తుంది గానీ వ్యుత్పత్తికి పనికిరాదు. ‘లీ’ అంటే ఒదగడం, అంటిపెట్టుకోవడం. ఆలయం అంటే అలా ఒదిగి ఉండే చోటు. మంచుకు హిమాలయం, భోజనానికి భోజనాలయం, మద్యానికి మద్యాలయం కూడా. అన్ని అనుభవాల ముద్రలూ పడి ఉండే మనసు అడుగు పొరను యోగాచార బౌద్ధులు ఆలయ విజ్ఞానం అన్నారు. అక్కడ ఆలయం గుడి కాదు, కొట్టు గది. విచిత్రం ఏమిటంటే ప్రళయంలో ఉన్నదీ ఆ ‘లీ’ ధాతువే. ఒదగడమూ కలిసి కరిగిపోవడమూ ఒకే వేరు నుంచి వచ్చాయి.

‘నిలయం’ కూడా అక్కడిదే. మనకు మాత్రం అందులో ‘నిలవడం’ వినిపిస్తుంది. హైదరాబాదులో 1901 సెప్టెంబరు 1న కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు వంటివారు కలిసి పెట్టిన సంస్థ పేరు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం. గ్రంథ నిలయం అనలేదు, భాషా నిలయం అన్నారు. ఉర్దూ అధికార భాషగా ఉన్న నగరంలో తెలుగుకు నిలబడే చోటు వెతుక్కున్నారు. అలా చూస్తే ఆ పేరులోని తప్పు వినికిడి కూడా ఒప్పే. వేటపాలెం వాళ్లు 1918లో సారస్వత నికేతనం అన్నారు. భాండాగారం అన్నవాళ్లున్నారు, పఠన మందిరం అన్నవాళ్లున్నారు. తంజావూరు నాయకరాజుల పుస్తకాల కొలువు సరస్వతీ భాండారం. ఇన్ని పేర్ల మధ్య గ్రంథాలయం గెలిచిందంటే అది సంస్కృతం చలవ కాదు, ఉద్యమం చలవ. బెజవాడలో 1911లో రామమోహన గ్రంథాలయం, అక్కడే 1914 ఏప్రిల్ 10న ఆంధ్రదేశ గ్రంథాలయాల తొలి మహాసభ, అయ్యంకి వెంకటరమణయ్య నడిపిన ‘గ్రంథాలయ సర్వస్వం’ పత్రిక, వీటన్నిటి వల్ల ఆ మాట పల్లెటూరి నోటికి అలవాటైంది.

ఆ ఉద్యమమే మాటను ఒకసారి అడ్డంగా విరిచింది కూడా. 1935లో పాతూరి నాగభూషణం కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. సంచార గ్రంథాలయం! సంచారం అంటే తిరగడం, ఆలయం అంటే ఒకచోట ఒదిగి ఉండటం. వ్యాకరణం తెలిసినవాడికి ఆ సమాసం పంటికింద రాయి. పడవ కోసం రేవులో కూచున్న రైతుకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. గ్రంథం కావాలి, ఆలయంతో తనకేం పని?

మునిర్కాలో ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా దానికి తిరగేత. ఇక్కడి పిల్లవాడికి ఆలయం కావాలి. కిటికీ లేని అద్దెగది, ఇద్దరు రూమ్మేట్లు, కింద మోమోల బండి. కూర్చుని చదవడానికి చోటే అన్నిటికన్నా ఖరీదైన సరుకు. గ్రంథం అతని ఫోన్‌లో ఉంది. మునిర్కా నుంచి 615 నంబరు బస్సెక్కితే జేఎన్‌యూ లోపలే దింపుతుంది. అక్కడ తొమ్మిది అంతస్తుల అంబేద్కర్ కేంద్ర గ్రంథాలయం ఉంది. అలాంటి యూనివర్సిటీ లైబ్రరీల్లో ఇప్పుడు కొత్తగా చేరేవాటిలో చాలా భాగం అరల్లోకి రావు: పత్రికల చందాలు, డేటాబేసులు, ఈ-పుస్తకాలు. క్యాంపస్‌లో అడుగు పెట్టకుండానే గదిలోంచి వాటిని ఎలా తెరవాలో నేర్పడానికి లైబ్రరీవాళ్లే వర్క్‌షాప్ పెడతారు. లైబ్రరీకి రాకుండా ఉండటం ఎలాగో లైబ్రరీలో కూర్చోబెట్టి చెప్తారు. సంధి విడగొట్టమని పరీక్షలో అడిగితే మనం రాసే జవాబును ఢిల్లీ రెండు కిలోమీటర్ల మేర పరిచి చూపిస్తోంది: గ్రంథం అటు, ఆలయం ఇటు.

వర్క్‌షాప్ అనే మాటను ఢిల్లీలో హిందీ బ్యానర్ల మీద కార్యశాల అని రాస్తారు, మన పత్రికలూ అదే తెచ్చుకున్నాయి. నాకు వర్క్‌షాపే ఇష్టం. ఆర్టీసీ వర్క్‌షాప్‌లో గ్రీజు వాసన, పాలిటెక్నిక్ వర్క్‌షాప్‌లో ఆకురాయి రాపిడి ఆ మాటకు అంటుకుని ఉన్నాయి. చేతులకు పని చెప్పేదని దానికి పేరు.

కంప్యూటర్ వర్క్‌షాప్‌లో లైబ్రరీకి ఇంకో అర్థం ఎదురవుతుంది. సర్వే లెక్కలు వేసుకోవడానికి సోషల్ సైన్సెస్ వాళ్లు నేర్చుకునే ‘ఆర్’ అనే ప్రోగ్రామింగ్ భాషలో, ఎవరో రాసిపెట్టిన సూత్రాల కట్టను వాడుకోవాలంటే టైపు చేయాల్సిన మాటే ‘లైబ్రరీ’. కుండలీకరణాల్లో కట్ట పేరు రాస్తే అది తెరుచుకుంటుంది. అక్కడ ఛాందసులు కూడా ఉన్నారు. కట్టను లైబ్రరీ అంటే ఒప్పుకోరు. కట్ట పేరు ప్యాకేజీ, ప్యాకేజీలు ఉండే చోటు మాత్రమే లైబ్రరీ అని సరిదిద్దుతారు. మన గ్రంథానికీ ఆలయానికీ ఉన్న తేడా అక్కడ భద్రంగా ఉంది.

పరిశోధక విద్యార్థులు ఎక్కువగా భయపడే వర్క్‌షాప్ గ్రంథచౌర్యం గురించి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 40 దాకా ఉంటే ఆరునెలల్లో దిద్ది మళ్లీ ఇవ్వాలి. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. చౌర్యానికి శాతాలు! పాత లేఖకుడు ముప్పైరెండు అక్షరాలకు ఒకటి చొప్పున లెక్కపెట్టింది రాసినదాన్ని; పోలికలు పట్టే ఈ యంత్రం లెక్కపెట్టేది రాయనిదాన్ని. తెలుగు సిద్ధాంత గ్రంథాల దగ్గర ఈ లెక్క ఇంకాస్త వింతగా తయారవుతుంది. డీటీపీ సెంటర్లలో అనూ ఫాంట్లతో కొట్టించిన థీసిస్ యూనికోడ్ కాదు. తెర మీద మనకు ‘గ్రంథాలయం’ అని కనిపించినా యంత్రానికి అది అర్థంలేని గుర్తుల వరస. ఎంత చోరీ జరిగినా పట్టుబడటం కష్టం.

జేఎన్‌యూ లైబ్రరీలో హెలెన్ కెల్లర్ యూనిట్ ఉంది. చూపులేని విద్యార్థులు అక్కడ తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో చదువుకుంటారు. అనూ ఫాంట్ కథే ఇక్కడ ఇంకా కటువుగా ఉంటుంది. తెలుగు పుస్తకాన్ని బొమ్మగా స్కాన్ చేసి వదిలేస్తే ఆ సాఫ్ట్‌వేర్ నోరు విప్పదు. బొమ్మలోంచి అక్షరాలను విడదీసి, దిద్ది, యూనికోడ్‌గా పెట్టినప్పుడే అది వాళ్లకు పుస్తకం. గ్రంథపాలకుడు అన్న మాటలో పాలన అంటే ఏలడం కాదు, కాపాడటం. ఆ పనిలో ఇప్పుడు ఇదీ ఒకటి.

థీసిస్ రాసేవాళ్లకు అసలు చిక్కు పేర్ల దగ్గర. ఉపయుక్త గ్రంథాల పట్టికను తనంతట తాను తయారుచేసే జొటెరో లాంటి సాఫ్ట్‌వేర్ ప్రతి రచయితకూ రెండు గళ్లు చూపిస్తుంది, మొదటి పేరు, చివరి పేరు. చివరిదే ఇంటిపేరని దాని నమ్మకం. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. అలా విశ్వనాథ సత్యనారాయణ ‘సత్యనారాయణ, వి.’ అవుతారు. వేల్చేరు నారాయణరావు కొన్ని పట్టికల్లో ‘రావు’ కింద, కొన్నింటిలో ‘నారాయణరావు’ కింద చేరతారు. ‘రావు’ కింద చూస్తే తెలుగుదేశంలో సగం మంది ఒకే ఇంటివాళ్లలా కనిపిస్తారు. ఇంటిపేరును మార్చి పెట్టడం పది సెకన్ల పని, కానీ ఆ పది సెకన్లు పెట్టాలని తెలుగు వచ్చినవాడికే తోస్తుంది.

పేర్ల తర్వాత అక్షరాల చిక్కు. దానికీ ఢిల్లీతో సంబంధముంది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962లో ఇక్కడ ఆఫీసు తెరిచింది. పీఎల్-480 చట్టం కింద మనకు అమ్మిన గోధుమలకు వచ్చిన రూపాయలతో భారతీయ భాషల పుస్తకాలు కొని అక్కడి యూనివర్సిటీలకు పంపింది. షికాగో, మాడిసన్ లైబ్రరీల్లోకి తెలుగు పుస్తకాలు చాలావరకు ఆ దారినే వెళ్లాయి. వెళ్లేటప్పుడు వాటి పేర్లు రోమన్ లిపిలోకి మారాయి, ‘థ’కు టి-హెచ్, ‘ధ’కు డి-హెచ్ అనే నియమంతో. మన దగ్గర ఆ నియమం చెల్లదు. ‘గ్రంథం’ను ‘గ్రంధం’ అని పలికేవాళ్లే ఎక్కువ. గంధం, బంధం పక్కన అది ఒరుసుకుపోయింది. ఎన్నో గ్రంథాలయాల బోర్డుల మీదే ‘గ్రంధాలయము’ అని ఉంటుంది. ఇంగ్లీషులో రాసేటప్పుడు సంఘాల పేర్లలో డి-హెచ్ స్థిరపడిపోయింది. పాత తెలుగు పుస్తకాలను వేలకొద్దీ స్కాన్ చేసిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలోనైతే, ఎవరికి తోచినట్టు వాళ్లు పేర్లు టైపు చేశారు.

అందుకని మునిర్కా అరలో కూర్చుని మన గ్రంథాలయోద్యమం మీద థీసిస్ రాస్తున్నవాళ్లు ఉంటే, వెతికే పెట్టెలో ఆ మాటను రెండుసార్లు కొట్టండి, ఒకసారి టి-హెచ్‌తో, ఒకసారి డి-హెచ్‌తో. రెండు జాబితాల్లోనూ వచ్చే పుస్తకాలు కొన్నే ఉంటాయి.