శ్రుతి నుండి హెడ్‌ఫోన్ వరకు: ధ్వనిముద్రణశాలలో వినికిడి చరిత్ర

మన సంగీతంలో స్వరాలకు ఆధారమైన స్థాయిని ‘శ్రుతి’ అన్నారు. వినబడేది అని ఆ మాటకు అర్థం. పాడడానికి ముందు వినాలన్న నియమం ఆ పేరులోనే ఇమిడి ఉంది. అయితే గాయకులు ఏమి పాడారో భద్రపరచినంత శ్రద్ధగా, పాడే వేళ వారి చెవికి ఏమి అందిందో మన చరిత్రకారులు నమోదు చేయలేదు.

1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను ముద్రించిన కాలానికి మైకు లేదు. గాయని కొమ్ములోకి పాడవలసిందే. ధ్వనిని పెంచి తగ్గించే సాధనం లేనందున, ఏ వాద్యం ఎంత వినబడాలన్నది కొమ్ముకు దాని దూరాన్ని బట్టి నిర్ణయమయ్యేది. 1925లో విద్యుత్ ధ్వనిముద్రణ వచ్చిన తరువాత కూడా గాయకులు, వాద్యకారులు ఒకే గదిలో ఒకరినొకరు వింటూనే ఉన్నారు. 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’ కాలంలో నటీనటులు కెమెరా ముందే పాడేవారు. వాద్యబృందం దృశ్యంలో పడకుండా సమీపంలో ఉండేది.

1935లో కలకత్తా న్యూ థియేటర్స్ వారి ‘భాగ్యచక్ర’తో నేపథ్యగానం స్థిరపడి, పాట చిత్రీకరణ నుండి విడివడింది. తరువాత గాత్రం వాద్యాల నుండి విడివడింది. మద్రాసు స్టూడియోలలో చిరకాలం గాయకులు, వాద్యబృందం ఏకకాలంలోనే రికార్డింగులో పాల్గొనేవారు. ఒకరు తడబడితే అందరూ మళ్లీ మొదలుపెట్టవలసిందే. తాళవాద్యాల హోరు గాయకుని మైకులో పడకుండా ఆయనను వేరొక చిన్న గదిలో నిలిపారు. గోడ అడ్డుపడిన ధ్వనిని తీగ ద్వారా తిరిగి చెవికి చేర్చవలసి వచ్చింది. 1910లో నథానియల్ బాల్డ్విన్ అమెరికా నౌకాదళానికి అందించిన హెడ్‌ఫోన్ వంటి సాధనానికి సంగీతంలో ఇట్లు స్థానం ఏర్పడింది.

టేపుపై ఒక ట్రాకు వింటూ మరొకటి ముద్రించడంలో ఒక చిక్కు ఉండేది. ముద్రించే హెడ్, వినిపించే హెడ్ వేర్వేరు చోట్ల ఉన్నందున వినబడేది క్షణకాలం ఆలస్యమయ్యేది. 1950ల మధ్యలో ఆంపెక్స్ సంస్థ ముద్రించే హెడ్ ద్వారానే పాత ట్రాకును వినిపించే పద్ధతి కనుగొని దీనిని తొలగించింది. ఆ ఏర్పాటు గల ఎనిమిది ట్రాకుల యంత్రం 1957లో లెస్ పాల్‌కు చేరింది. కాలక్రమాన మద్రాసులోనూ ట్రాకు పద్ధతి నెలకొని, వాద్యకారులు వెళ్లిపోయిన గదిలో గాయకుడు ఒంటరిగా పాడసాగాడు. ఆయన సభ అంతా ఆ హెడ్‌ఫోన్‌లోనే.

కనుక ఆ సభను కూర్చే రికార్డిస్టు బాధ్యత చిన్నది కాదు. గాయకునికి శ్రుతి, తన గొంతు స్పష్టంగా అందాలి. మృదంగ విద్వాంసునికి పాట నడక అందాలి. అందరికీ ఒకే మిశ్రమం పంపితే ఒకరికి చాలినది మరొకరికి భారమవుతుంది. వాద్యాల జోరు మితిమీరితే గాయకుడు గొంతు చించుకుంటాడు, శ్రుతి తప్పుతాడు. ధ్వని పెంచినకొద్దీ అది హెడ్‌ఫోన్ నుండి జారి మైకులో పడుతుంది. అందుకే చెవిని పూర్తిగా మూసే రకాన్ని వాడతారు. గది ధ్వని కూడా కావాలని ఒక చెవిని వదిలే గాయకుడు, ఆ రెండవ గిన్నెను తలకు అదిమి ఉంచుకోవాలి.

కంప్యూటరు రాకతో పాత ఆలస్యం కొత్త రూపంలో తిరిగివచ్చింది. గాలిలో ధ్వని పది అడుగులు సాగడానికి సుమారు తొమ్మిది మిల్లీసెకన్లు పడుతుంది. కచేరీలో తోటి వాద్యానికి ఆ పాటి దూరం ఎవరికీ ఇబ్బంది కాదు. తన గొంతే అంత ఆలస్యంగా చెవిలో పడితే మాత్రం గాయకుడు కలవరపడతాడు. అందుచేత గొంతును కంప్యూటరు దాకా పోనీయక, మైకు దగ్గరనుండే నేరుగా హెడ్‌ఫోన్‌కు మళ్లిస్తారు.

1967లో విడుదలైన ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ చిత్రంతో తనను పరిచయం చేసిన ఎస్.పి. కోదండపాణి పేరిట ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం మద్రాసులో ఆడియో ల్యాబ్ నెలకొల్పారు. మైకు ముందు నిలిచినవాడే అద్దం అవతలి బాధ్యతను కూడా స్వీకరించిన ఘట్టమది.

మన సంస్థలు టేపులను, రికార్డులను భద్రపరుస్తున్నాయి. అయితే గాయకుని చెవికి పంపిన మిశ్రమం ఏ టేపుపైనా మిగలదు. పాట ముగియగానే అది అంతరిస్తుంది. దానిని కూర్చిన రికార్డిస్టుల జ్ఞాపకమే దానికి ఏకైక ఆధారం. వారిలో పలువురు నేడు వృద్ధులు. టేపులతోపాటు వారి వాఙ్మూలాలను కూడా సేకరించడం ఆలస్యం చేయరాని కర్తవ్యం.