అతుకుల బొంతకు చరిత్ర లేదా?

పొంతన లేని ఉపన్యాసాన్నీ, నిలకడ లేని సంకీర్ణ ప్రభుత్వాన్నీ మనం ‘అతుకుల బొంత’ అని తీసిపారేస్తాం. సాహిత్య విమర్శలో ఈ తిట్టు మరీ ఎక్కువ. నవలలో ఐక్యత లోపించిందనడానికీ, పరిశోధనా గ్రంథానికి దిశ లేదనడానికీ ఇదే మాట. ఇలా అనేవాళ్ళలో ఎంతమంది బొంత కుట్టి ఉంటారు? పోనీ, కుడుతుంటే పక్కన కూర్చుని చూసి ఉంటారు? చూసినవాళ్ళకి ఈ పోలిక తప్పని ఇట్టే తెలిసిపోతుంది. ఎక్కడ గుడ్డ పలచబడిందో వెతికి అక్కడే మరో పొర వేసి బలం పెట్టడాన్ని అతుకు అంటారు. ఆడవాళ్ళు చేసే పని పేరు తిట్టుగా మారిందంటే, ఆ పని చరిత్రలో ఎక్కడ ఉందో వెతకాల్సిన బాధ్యత మన మీద ఉంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరులో వేరువేరు జిల్లాలయ్యాయి. అంతకు ముందు ఇందులో ఎక్కువ భాగం ఓరుగల్లు జిల్లాయే. ఇక్కడ చలికాలం గడవడానికి పేదింటికి రెండే దిక్కులుండేవి. ఒకటి కురుమల గొంగడి, రెండోది ఇంటి ఆడవాళ్ళు కుట్టిన బొంత. గొంగడి కోసం ఉన్ని వడికేది ఆడవాళ్ళే అయినా మగ్గం మీద కూర్చునేది మగవాళ్ళు. అది కులవృత్తి అయింది, సంతకు వెళ్ళింది, సాయుధ పోరాట జ్ఞాపకాల్లో ప్రతీకగా నిలిచింది. బొంత ఇల్లు దాటి అమ్మకానికి పోలేదు. కాబట్టి అది వృత్తీ కాలేదు, కళా కాలేదు. జనగామ పక్కనున్న పెంబర్తి ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. వరంగల్ తివాచీలకు 2018లో వచ్చింది. రావాల్సిందే, అందులో ఎంతోమంది చెమట ఉంది. బొంతకు గుర్తింపు అడగాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదన్నది నేను గమనించిన సంగతి.

బొంత కుట్టడం ఎలాగో ఎక్కడా రాసి లేదు, చేతి నుంచి చేతికి వస్తుంది. కట్టి కట్టి మెత్తబడిన నేత చీరలు నాలుగైదు కావాలి. ఊడ్చిన నేల మీద గట్టి చీరను పరిచి మూలలకు రాళ్ళు పెడతారు. దాని మీద చినిగిన చీరలు, ధోవతులు, పాత లంగాల గుడ్డలు. ఒక పొర చినుగు మీద మరో పొర చినుగు రాకుండా సర్దడంలోనే అసలు తెలివంతా ఉంది. పైన కాస్త చూడముచ్చటగా ఉండే చీర. పెద్ద సూదితో అంచు నుంచి మొదలుపెట్టి, పెట్టెలో పెట్టె గీసినట్టు వరస తరవాత వరస కుట్టుకుంటూ నడిమికి వస్తారు. గుడ్డ ముడత పడకుండా ఒకరు కాలితో అదిమిపట్టి కూర్చుంటారు. పొలం పనులు తగ్గిన ఎండాకాలపు మధ్యాహ్నాలు ఈ పనికి. పాలిస్టర్ చీరలొచ్చాక పొరలు జారిపోవడం మొదలైంది. ఆ చీరలకు చెమట పీల్చే గుణమూ లేదు. పాత చీరలు వీధిలోకొచ్చే స్టీలు సామానుకు పోయాయి, బొంతల చోటులోకి రగ్గులు వచ్చాయి.

‘తీరిక వేళల్లో కుట్టుకునేవాళ్ళు’ అని అందరూ అంటారు. నాట్లకీ కలుపుకీ పోయి వచ్చి, వండి, వార్చి, పిల్లల్ని పడుకోబెట్టిన మనిషికి తీరిక ఎక్కడిది? ఈ ప్రశ్నని తెలుగు నేల మీదే గట్టిగా అడిగిన మనిషి మరియా మీస్. 1982లో వచ్చిన ఆమె పుస్తకం నర్సాపురం లేసు అల్లే స్త్రీల గురించినది. 19వ శతాబ్దంలో మిషనరీలు పేద స్త్రీలకు ఆసరాగా ఉంటుందని గోదావరి ప్రాంతంలో లేసు అల్లిక నేర్పారు. దయగా మొదలైన ఆ పని ఎగుమతి వ్యాపారమైంది. గంటల తరబడి అల్లిన స్త్రీలు మాత్రం ‘ఇంట్లో కూర్చుని ఖాళీ సమయంలో అల్లుకునే గృహిణులు’గానే మిగిలారు. గృహిణి అన్న ముద్ర వేస్తే కూలి తగ్గించడం ఎంత సులువో మీస్ చూపించారు. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అల్లే చేతికి దక్కే కూలి సంగతి మాత్రం ఇంకా అడగాల్సిన ప్రశ్నే.

దయకీ కుట్టుపనికీ ఉన్న ఈ ముడి పాతది. 1841లో ‘రాజా’ అనే ఓడలో దాదాపు 180 మంది స్త్రీ ఖైదీలను బ్రిటన్ నుంచి ఇప్పటి టాస్మేనియాకి తరలించారు. జైళ్ళ సంస్కరణ కోసం పనిచేసిన ఎలిజబెత్ ఫ్రై స్థాపించిన మహిళా సంఘం వాళ్ళకి సూదులు, దారాలు, గుడ్డ ముక్కలు ఇచ్చింది. నడిసముద్రంలో ఆ స్త్రీలు కుట్టిన అతుకుల దుప్పటి ఇప్పుడు కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీలో ఉంది. దాని మీద కుట్టిన అక్షరాలు ఆ సంఘం మహిళలకు కృతజ్ఞత చెబుతాయి. కుట్టినవాళ్ళ పేర్లు మాత్రం దాని మీద లేవు. వాళ్ళంతా కలిసి ‘ఖైదీలు’.

మరో నూరేళ్ళకి, 1942లో, జపాన్ సైన్యం సింగపూర్‌లోని చాంగీ జైలులో బంధించిన స్త్రీలు మూడు దుప్పట్లు కుట్టారు. ఒక్కోదానిలో 66 చదరాలు. ఆసుపత్రిలో ఉన్న గాయపడ్డ సైనికుల కోసమని చెప్పి అనుమతి సంపాదించారు. అందుకే ఒకటి జపాన్ సైనికుల పేరిట కూడా కుట్టారు. ఒక్కో చదరంలో ఒక్కో స్త్రీ తన గుర్తుగా ఏదో ఒకటి కుట్టి పేరు రాసుకుంది. వేరే చోట బందీలుగా ఉన్న భర్తలకి ‘నేను బతికే ఉన్నాను’ అని చెప్పే దారి అదొక్కటే. రెండూ దయ పేరుతో పుట్టిన దుప్పట్లే. మొదటిదాంట్లో దయ చూపినవాళ్ళు మిగిలారు, రెండోదాంట్లో కుట్టినవాళ్ళు మిగిలారు. ఈ తేడా నా మనసులో బలంగా నాటుకుంది.

దానం అనే మాటకి మన దగ్గర మరో బరువు కూడా ఉంది. బొంతలోకి చీరలు ఎక్కడి నుంచి వచ్చేవి? అన్నీ కట్టుకున్న ఇల్లాలివే కావు. దొరల ఇళ్ళలో, పెద్ద రైతుల ఇళ్ళలో పనిచేసిన స్త్రీలకి పండక్కో పబ్బానికో ఇచ్చిన పాత బట్టలు ఎన్నో. జనగామ ప్రాంతం వెట్టిచాకిరిని చూసిన నేల. పాలకుర్తిలో తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ని ఎదిరించిన చిట్యాల ఐలమ్మ, ఊరి బట్టలు ఉతికే కులంలో పుట్టిన స్త్రీ. ఇక్కడ పాత చీర ఇవ్వడం అంటే ఎప్పుడూ పైనుంచి కిందికి ఇవ్వడమే. బొంతను అందమైన జ్ఞాపకంగా మాత్రమే రాసుకుంటే ఈ సగం కనిపించకుండా పోతుంది.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో కన్నా గట్టిగా తెలిసింది 2024లో. అంతకు ముందు సంవత్సరం, 2023 జులై 27న, భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెత్తింది. జనం ఇళ్ళ కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు పొంగి మరిపెడ మండలం సీతారాం తండాలోకి నీళ్ళొచ్చాయి. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. వరదలో మొదట పాడయ్యేవి పక్కబట్టలు. బురద నీళ్ళలో నానిన బొంత ఎంత ఉతికినా మళ్ళీ పనికిరాదు. ఆ నెలలో జనగామలో మా వీధి ఆడవాళ్ళం తొమ్మిది మందిమి, వరద చూసిన ఒక తండా కోసం బొంత కుట్టాలనుకున్నాం.

మొదటి రోజే గొడవ. వ్యవసాయ కూలీగా బతికిన ఒక అవ్వ, ‘కొత్త బట్ట ఒంటికి ఒత్తుతది బిడ్డా, కట్టిన చీరలయితెనే మెత్తగుంటయి’ అంది. అంగన్‌వాడీలో పనిచేసే అక్క ఒప్పుకోలేదు. ‘మా అమ్మకు పెద్దిండ్లల్ల పాత చీరలే కూలి. అన్నీ పోగొట్టుకున్నోళ్ళకు నేను పాత గుడ్డ ఇయ్య’ అంది. ఇద్దరిదీ అనుభవమే. వరద వచ్చిన ప్రతిసారీ బడి ఆవరణలో పాత బట్టలు కుప్పపోసి పోయేవాళ్ళని చూశాం కదా, ఆమె కోపం ఎక్కడిదో మా అందరికీ తెలుసు. రెండు రోజుల మాటల తరవాత ఒక దారి దొరికింది. పైనా కిందా కొత్త నేత గుడ్డ. నడుమ పొరలకి ప్రతి ఒక్కరూ పారేసేది కాక, తాను దాచుకున్న చీర ఒకటి తేవాలి. అవ్వ తన పెళ్ళినాటి చీర తెచ్చింది. అంగన్‌వాడీ అక్క అంచు కుట్టింది. బొంతలో అంచే త్వరగా చినుగుతుంది, అక్కడి కుట్టే గట్టిగా ఉండాలి.

బొంత పూర్తవుతుండగా, గుడ్డ కొనడానికి డబ్బిచ్చిన ఒక సేవా సంఘం మూలన తమ పేరు కుట్టమంది. మా వీధి వాళ్ళు వద్దన్నారు. నిద్రపోయే మనిషి మీద ఇంకొకరి పేరు ఎందుకని వాళ్ళ ప్రశ్న. మా పేర్లు కుడదామని నేనన్నాను, చాంగీ కథ కూడా చెప్పాను. ‘వాళ్ళు జైల్ల ఉన్నరు, మనమెవరమో చెప్పుకునే అక్కర మనకేముంది?’ అంది అవ్వ. చివరికి ఎవరి వరస వాళ్ళు తమకిష్టమైన రంగు దారంతో కుట్టాలనుకున్నాం. తెలిసినవాళ్ళకి తెలుస్తుంది, తెలియనివాళ్ళకి రంగులు కనిపిస్తాయి.

తండాలో బొంత అందుకున్న లంబాడా స్త్రీ ముందు దాన్ని తిరగేసింది. వెనక వైపు కుట్టు మీద వేలు పెట్టి వరసంతా నడిపించింది. ‘ఈ అంచు ఎవరు కుట్టిన్రు? చెయ్యి మంచిగుంది’ అంది. నడుమ కుట్టు కొంచెం దూరం దూరంగా పడిందని, తానే మళ్ళీ కుట్టుకుంటానని, మూలలకి అద్దాలు కూడా వేస్తానని చెప్పింది. కృతజ్ఞత చెప్పలేదు. చెప్పాలని మాకూ అనిపించలేదు. అద్దాలు, గవ్వలు, గుడ్డ ముక్కలతో తరతరాలుగా కుడుతున్న సమాజం నుంచి వచ్చిన మనిషి ఆమె. మా పనిని తన పనితో కొలిచి చూసింది.

దానం చేసే మనసు ఎదుటి మనిషికి ఏమీ లేదన్న ఊహతోనే మొదలవుతుంది. వరద ఇల్లు తీసుకుపోగలదు, బొంత తీసుకుపోగలదు. చేతిలో ఉన్న పనితనాన్ని తీసుకుపోలేదు. దుప్పట్ల పంపిణీ ఫోటోల్లో రెండు చేతులు చాచి నిలబడ్డ స్త్రీలని చూసినప్పుడు, ఆ చేతులు ఏమేం చేయగలవో అడిగిన వార్త నాకు ఒక్కటీ కనబడలేదు.

1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు, సాయుధ పోరాటంలో స్త్రీలు చేసిన పని ఎంతగా లెక్కలోకి రాకుండా పోయిందో మనకి తెలిసింది. ఆ పుస్తకం అనేక గొంతుల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి కూర్చినది. ఒక్క గొంతుగా కలిపేయలేదు కాబట్టే దానికంత బలం. స్త్రీల చరిత్ర రాసే పద్ధతి అదే అయితే, అతుకుల బొంత అన్న మాటకి మనం భయపడనక్కర్లేదు. మూడు జిల్లాల్లో బొంత కుట్టడం తెలిసిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. ఏ పొర ఎక్కడ వేయాలి, ఏ చీర ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అన్నది వాళ్ళ మాటల్లోనే, వాళ్ళు చెప్పుకోదలచిన పేర్లతోనే రాసుకోవాల్సిన పని మిగిలి ఉంది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ పనికి అనువైన వేళ.