పెళ్ళీడున వచ్చిన పెద్దరోగం

కుష్ఠు అనే మాట పలకడానికి మనసొప్పక మనవాళ్ళు దానికి పెద్దరోగం అని పేరు పెట్టారు. దాన్ని కలిగించే క్రిమి ఒంట్లో చేరాక రోగం బయటపడటానికి రెండు మూడేళ్ళు పట్టవచ్చు, ఒక్కోసారి ఇరవై ఏళ్ళూ పట్టవచ్చు. అందువల్ల చిన్నతనంలో సోకింది పదికీ ఇరవైకీ మధ్య స్పర్శలేని మచ్చగా తేలడం తరచు జరిగేది. ఇంట్లో సంబంధాలు వెతకడం మొదలుపెట్టే వయసూ, పిల్లల మనసు ఇంకొక మనిషి వైపు తిరిగే వయసూ కూడా అదే. ఆ మచ్చ కనిపించినప్పుడు ఇంటివాళ్ళను ముందుగా భయపెట్టేది పెళ్ళి సంగతే, ప్రాణం సంగతి ఆ తరవాత. గోదావరి డెల్టాలో ఈ రోగం చరిత్రను వైద్యుల చరిత్రగా, దాతల చరిత్రగా చెబుతూ వచ్చాం. అది ఈడొచ్చిన పిల్లల ప్రేమకు అడ్డుకట్ట వేసిన చరిత్ర కూడానని, ఆ కట్టలో రోగం పాలు కొంతే, మనుషుల పాలే ఎక్కువని నా వాదన.

అమలాపురం వైపు నుంచి రామచంద్రపురం వెళ్ళాలంటే ఆ రోజుల్లో ముక్తేశ్వరం రేవులో పడవెక్కి గౌతమి దాటి కోటిపల్లిలో దిగాలి. 2022 జిల్లాల విభజనలో రామచంద్రపురం కోనసీమ జిల్లాలోకి వచ్చింది గాని, అది ఏటి అవతలి ఊరే. కెనడియన్ బాప్టిస్టు మిషన్‌కు చెందిన ఇసబెల్ హాచ్ 1900 ప్రాంతంలో అక్కడ కుష్ఠురోగులకు ఆశ్రమం పెట్టించారు. ఇంటినుంచి గెంటివేసిన మనిషికి కూడూ గూడూ ఇచ్చి పుండు కడిగిన చోటు అది. ఆ పుణ్యం తక్కువది కాదు. అయితే అప్పటి మిషన్ ఆశ్రమాల పద్ధతి ప్రకారం ఆడవాళ్ళూ మగవాళ్ళూ విడివిడిగా ఉండాలి. రోగుల బిడ్డలను, రోగం సోకకముందే, తల్లిదండ్రులకు దూరంగా వేరే వసతిలో పెంచేవారు. బిచ్చమెత్తుకునే రోగులను పట్టుకుని ఆశ్రమాల్లో ఉంచడానికి 1898 నాటి లెపర్స్ చట్టం సర్కారుకు అధికారమిచ్చింది. పదిహేనేళ్ళకు ఆ గడప లోపలికి వెళ్ళిన పిల్లకు గానీ పిల్లవాడికి గానీ, వెలుపల పెళ్ళి లేదు, లోపల కలయిక లేదు.

ఆ పిల్లలు ప్రేమించుకున్నారనడానికి ఆధారమేమిటని అడగవచ్చు. వాళ్ళు ఉత్తరాలు దాచిపెట్టలేదు, వాళ్ళ మాట రాసిపెట్టినవాళ్ళూ లేరు. కానీ లేని కోరికకు ఎవరూ కంచె వేయరు. అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని కార్విల్ ఆసుపత్రి ఇందుకు మంచి సాక్ష్యం. ఇరవై నిండకముందే అక్కడ చేరిన ఒకమ్మాయి తోటి రోగి ఒకతన్ని ప్రేమించి, కంచెకున్న కన్నంలోంచి అతనితో పారిపోయి పెళ్ళి చేసుకుంది. బెట్టీ మార్టిన్ అన్న మారుపేరుతో ఆమె తన కథ రాయగా 1950లో అచ్చయింది. హవాయిలోని కలౌపాపాలో రోగుల మధ్య పెళ్ళిళ్ళకు అడ్డులేదు గాని, పుట్టిన బిడ్డను వెంటనే తీసుకుపోయేవారు. జపాన్ ఇంకా కఠినం. 1915 నుంచి అక్కడి ఆశ్రమాల్లో పెళ్ళాడాలనుకున్న మగవాడు ముందు పిల్లలు పుట్టకుండా కోత చేయించుకోవాలి. 1948లో దానికి చట్టమే తెచ్చారు. రోగులను నిర్బంధంగా వేరుంచే విధానం తప్పని కుమామోటో కోర్టు చెప్పేసరికి 2001 వచ్చింది. ఇన్ని దేశాల్లో ఇన్ని విధాల కట్టడి అవసరమైందంటే, అడ్డుకోవలసినంత ప్రేమ అక్కడ పుడుతూనే ఉందన్నమాట. వెలివేసిన లోకంలో దొరకనిది, అదే బాధ పడిన మరొకరి దగ్గర దొరికింది.

ఆ కాలపు పిల్లలకు ప్రేమ ఎక్కడిది, పెద్దలే పెళ్ళి చేసేసేవారు గదా అన్నది రెండో అభ్యంతరం. నిజమే. శారదా చట్టం 1929లో ఆడపిల్ల పెళ్ళికి పెట్టిన హద్దు పద్నాలుగేళ్ళు, అదీ చాలాచోట్ల కాగితం మీదే. కాబట్టి మచ్చ తేలేసరికి చాలామంది ఆడపిల్లలు అప్పటికే ఒకరి భార్యలు. కానీ దానివల్ల ప్రశ్న చిన్నదవదు, ఇంకా పదునెక్కుతుంది. పుట్టింట దిగబెట్టి వెళ్ళిన భర్త మళ్ళీ వస్తాడా అని ఆ పిల్ల చూసిన ఎదురుచూపుకు ప్రేమ అనే పేరు కాక మరే పేరు పెడతాం?

మూడోది గట్టి అభ్యంతరం. మందు లేని రోజుల్లో అంటువ్యాధిని వేరుచేయక ఏం చేస్తారు? హాన్సెన్ అనే వైద్యుడు 1873లోనే కుష్ఠు క్రిమిని చూపించాడు. భయానికి ఆధారం ఉంది. పసిబిడ్డల విషయంలో ఆ జాగ్రత్తలో కొంత న్యాయం ఉందని ఒప్పుకుంటాను. కానీ నూటికి తొంభై అయిదుమందికి పైగా ఈ క్రిమిని ఒంటి శక్తితోనే తట్టుకుంటారు. పైగా ఇద్దరూ రోగులే అయినచోట ఒకరి వల్ల ఒకరికి కొత్తగా రాబోయేది ఏముంది? ఇదే డెల్టాలో బోదకాలు చూడండి. అదీ చిన్నతనంలో సోకి, పెరిగిన తరవాత రూపం మార్చే జబ్బే. దోమ ద్వారా తప్ప మనిషినుంచి మనిషికి నేరుగా రాదన్న తేడా ఉంది, సరే. అయినా బోదకాలును ఏ చట్టమూ విడాకులకు కారణంగా రాయలేదు. కాలు వాచినవాళ్ళ కోసం ఆడా మగా వేరుచేసే గోడలూ కట్టలేదు.

భయమే కారణమైతే మందు రాగానే గోడ కూలాలి. చెంగల్పట్టు దగ్గర తిరుమణిలో కోక్రేన్ అనే వైద్యుడు 1940లలోనే కుష్ఠుకు డాప్సోన్ అనే మందు వాడటం మొదలుపెట్టాడు. గోడ మాత్రం ఆశ్రమంలోంచి చట్టంలోకి మారింది. 1955 హిందూ వివాహ చట్టం, తీవ్రమైన, నయం కాని కుష్ఠును విడాకులకు కారణంగా ఒప్పుకుంది. 1970ల మొదట్లో ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక దంపతుల కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. భర్త వైద్యుడు, రోగం భార్యది. కోర్టు విడాకులే ఖాయం చేసింది. 1980లలో బహుళ ఔషధ చికిత్స వచ్చి, ఆరు నెలల్లోనో రెండేళ్ళలోనో రోగం నయమవడం మొదలైంది. ప్రజారోగ్య సమస్యగా కుష్ఠు నిర్మూలన 2005 చివరికి అయిందని దేశం ప్రకటించుకుంది. విడాకుల చట్టాల్లోంచి ఆ మాట తీసేసింది 2019లో. మందుకూ చట్టం మార్పుకూ మధ్య ఎన్ని వేల సంబంధాలు తెగిపోయాయో ఏ లెక్కలోనూ ఉండదు.

ఆ మధ్యలోనే డెల్టాను హెచ్ఐవీ తాకింది. పాత భయం కొత్త జబ్బు మీద వాలింది. హెచ్ఐవీ ఉన్నవారి పెళ్ళి హక్కు నిలిచిపోయిన హక్కు అని 1998లో అన్న సుప్రీంకోర్టే, 2002లో ఆ మాటలు ఆ కేసుకు అవసరం లేనివని పక్కన పెట్టింది. ఈసారి దిద్దుబాటుకు నాలుగేళ్ళే పట్టింది. 2004 నుంచి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇవ్వడంతో, పుట్టుకతోనే ఆ క్రిమి ఉన్న పిల్లలు బతికి ఈడుకొచ్చారు. మందుల కోసం ఏఆర్‌టీ కేంద్రానికి వచ్చే అమ్మాయీ అబ్బాయీ ఇప్పుడు ఒకే వరసలో, ఒకే బల్లమీద కూర్చుంటారు.