తల్లి టీకా - బిడ్డకు రక్ష

కోరింత దగ్గు పెద్దలకు కొన్ని వారాల బాధ, పసికందుకు ప్రాణగండం. 1950 తరువాతి దశాబ్దంలో బ్రిటనులో దీనికి టీకా వ్యాపించి, వ్యాధి బాగా తగ్గినది. 1974లో లండను వైద్యులు కొందరు, టీకా వేసిన పిమ్మట మెదడు జబ్బుకు లోనైన 36 మంది పిల్లల విషయం ప్రకటించారు. తల్లులు బెదిరిపోయారు. సుమారు 80 మందికి పడుతుండిన టీకా నూటికి 30 మందికి దిగజారినది. కనబడని జబ్బుకన్న కనబడే సూది భయంకరంగా తోచడం వింత కాదు. దగ్గు రెండుమార్లు విజృంభించినది. ఆ మెదడు జబ్బుకు టీకాయే కారణమని తరువాతి పరిశోధనలలో రుజువు కాలేదు.

భయం తీరి టీకా మళ్ళీ పుంజుకొన్నది. అయినను 2012లో ఇంగ్లండు, వేల్సులలో ఈ దగ్గు 14 మంది శిశువులను బలిగొన్నది. బిడ్డకు మొదటి టీకా రెండవ నెలలో గాని వేయరు, అంతవరకు దిక్కెవరు? ఆ అక్టోబరు నుండి గర్భిణులకే టీకా వేయసాగారు. తల్లి రక్తంలో పుట్టిన ప్రతిరక్షకాలు మాయ గుండా బిడ్డను చేరుతాయి. కడుపుతో ఉండగా మాత్ర మింగడానికే జంకే స్త్రీలు ఒప్పుతారా? కొద్ది నెలలలోనే సగానికి మించి ఒప్పుకొన్నారు. ఒప్పినవారూ మానినవారూ చాలామంది చెప్పినది బిడ్డ క్షేమమే. నెలలు నిండక పుట్టే పిల్లలకు కూడ రక్షణ అందాలని 2016లో ఈ టీకాను 16వ వారం నుండియే అనుమతించారు.