ఇన్సులిన్ కణాలపై సొంత శరీరం దాడి: టైప్-1 మధుమేహం

టైప్-1 మధుమేహంలో క్లోమంలోని బీటా కణాలను రోగనిరోధక వ్యవస్థే చంపేస్తుంది. ఇన్సులిన్ తయారయ్యేది ఈ కణాల్లోనే. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ వర్ణించిన పుటికల్లో ఇవి గుంపులుగా ఉంటాయి.

ఇన్సులిన్‌తో రోగనిరోధక వ్యవస్థకు తొలి పరిచయం జరిగేది క్లోమంలో కాదు, ఛాతీలోని థైమస్ గ్రంథిలో. అక్కడ ఎదిగే టి కణాలనే రోగనిరోధక కణాలకు ఇన్సులిన్‌తో సహా శరీరపు ప్రోటీన్ల తునకలు ఎదురవుతాయి. వాటిని గట్టిగా పట్టుకున్న టి కణాలు చాలావరకు అక్కడే చనిపోతాయి. ఈ వడపోతలో కొన్ని తప్పించుకుంటాయి. వాటిని బయట అదుపు చేసేవి నియంత్రక టి కణాలు. వీటిపై పరిశోధనకే 2025లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచిలకు వైద్య నోబెల్ వచ్చింది. ఈ నియంత్రక కణాలకు ప్రాణమైన ఫాక్స్‌పి3 జన్యువు చెడితే పసికందులకే ఈ జబ్బు రావచ్చు.

తర్వాతి ఘట్టం క్లోమం పక్కనున్న లింఫు గ్రంథుల్లో. డెండ్రైటిక్ కణాలు బీటా కణాల శకలాలను తెచ్చి, హెచ్‌ఎల్‌ఏ అణువులపై పెట్టి టి కణాలకు చూపిస్తాయి. ఏ శకలం ఎలా కనబడుతుందన్నది వారసత్వంగా వచ్చిన హెచ్‌ఎల్‌ఏ రకాన్ని బట్టి ఉంటుంది. ఇలాంటి జన్యు తేడాలను లెక్కించి, యూరోపియన్ల సమాచారంతో తయారైన జన్యు ముప్పు స్కోరు మనవాళ్లలోనూ టైప్-1ను గుర్తించగలదని హైదరాబాద్ సీసీఎంబీ, పుణె కేఈఎం ఆసుపత్రి, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం 2020లో చూపించాయి. ముప్పు తెచ్చే జన్యు తేడాలు మాత్రం రెండుచోట్లా అచ్చంగా ఒకటి కావు.

అసలు విధ్వంసం పుటికలోనే. జబ్బు బయటపడిన కొద్దికాలానికే మరణించిన రోగుల పుటికల్లో లింఫోసైట్లు చేరి ఉండటాన్ని 1965లో విలీ గెప్ట్స్ వివరించాడు. వాపు మొదలయ్యాక బీటా కణాలు తమపై హెచ్‌ఎల్‌ఏ గుర్తులను మామూలుకన్నా ఎక్కువగా నిలుపుతాయి. సీడీ8 రకం టి కణాలు ఆ ఆనవాలు పట్టుకునే చంపుతాయి. అదే పుటికలో పక్కనే ఉన్న ఆల్ఫా అనే వేరే రకం కణాలు మాత్రం చాలావరకు మిగులుతాయి. ఈ జబ్బులో నిజంగా ఆలోచింపజేసే సంగతి ఇదే.

రక్తంలో కనిపించే గ్యాడ్, ఐఏ-2, జింక్ ట్రాన్స్‌పోర్టర్-8, ఇన్సులిన్ అనే బీటా కణాల ప్రోటీన్లపై ప్రతిరక్షకాలు ఈ దాడికి సాక్ష్యాలు. వీటిలో రెండో అంతకన్నా ఎక్కువో రకాలు కనబడిన పిల్లల్లో పదేళ్లలో సుమారు 70 శాతం మందికి మధుమేహం బయటపడుతుంది. 2022లో అమెరికా అనుమతించిన టెప్లిజుమాబ్ అనే మందు దాన్ని సుమారు రెండేళ్లు వాయిదా వేయగలదు.

దాహం మొదలయ్యేసరికి లోపల దాడి మొదలై నెలలో ఏళ్లో గడిచిపోయి ఉంటాయి. కాబట్టి మిఠాయిలు పెట్టిందని తల్లిని నిందించడం తప్పు. జ్యోతినగర్, గోదావరిఖని లాంటి చోట్ల ఎండల్లో పిల్లల దాహాన్ని వేడి ఖాతాలో వేయడం తేలిక. దాహంతోపాటు మాటిమాటికీ మూత్రం, పక్క తడపడం, బరువు తగ్గడం ఉంటే ఆరోజే రక్తంలో చక్కెర పరీక్ష చేయించండి.